తక్కువ మందు తూటా

గుడివాడ బావ: .44 మాగ్నం తూటాని కంపెనీ నింపినంత బలంగానే కాల్చి తీరాలని ఎక్కడా లేదు బావా. 1955లో స్మిత్ అండ్ వెస్సన్ ఆ రివాల్వర్ని, రెమింగ్టన్ ఆ తూటాని తెచ్చాయి. అలాంటిది కావాలని అంతకుముందు ఏళ్ల తరబడి వెంటపడ్డవాడు ఐడహోలో పశువులు పెంచుకుంటూ, వేటగాళ్ళకి దారి చూపిస్తూ బతికిన ఎల్మర్ కీత్. ఆయనకి ఎదురయ్యేవి పెద్ద జంతువులు. నా ఎదురుగా ఉండేది పాతిక గజాల దూరంలో ఒక కాగితం. దానికి అంత దెబ్బ దేనికి? సీసం నేనే కరిగించి, గుండు పోసి, మందు తగ్గించి నింపుకుంటాను. గుండు వేగం మూడోవంతు తగ్గిందంటే దాని శక్తి సగానికి పైగా తగ్గిపోతుంది. తుపాకి చేతిలో ఎగిరిపడదు, కాల్చేవాడు ముందే కళ్ళు మూసుకోడు. నీ కొడుక్కి, నా మేనల్లుడికి, పదహారు నిండాయి. వాడికి గురి నేర్పాలంటే ఈ తూటాతోనే నేర్పాలి.

బందరు బావ: గురి నేర్పడం గురించి నేనేమీ అనడంలేదు. నువ్వు గరాజ్‌లో నింపిన తూటా వాడి చేతిలో పేలడం గురించే నా భయం. నేను పెరిగిన ఊరు నీకు తెలుసు. బందరులో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టారు, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తీసుకున్నారు. మా వీధిలో సగం మంది ఆ పనివాళ్ళే. అద్దాలు, కొలత పరికరాలు, తర్వాత సైన్యానికి రాత్రిపూట చూసే దుర్భిణులు. వాళ్ళ కబుర్లు వింటూ పెరిగినవాడికి ఒక సంగతి రక్తంలోకి ఎక్కుతుంది. చేసినవాడు సరిచూడకూడదు, సరిచూసేవాడు వేరే ఉండాలి. చేసినవాడి కన్ను తను చెయ్యాలనుకున్నదాన్ని చూస్తుంది, చేసినదాన్ని చూడదు. నీ బల్ల దగ్గర సీసం పోసేదీ నువ్వే, మందు తూచేదీ నువ్వే, సరిగ్గా ఉందనేదీ నువ్వే.

గుడివాడ బావ: కంపెనీలో ఆ రెండో కన్ను ఉంటుందంటే ఒప్పుకుంటాను. అయితే ఆ కన్ను నా తుపాకిని చూడదు. కంపెనీ తూటా అన్ని తుపాకులకీ సరిపోవాలి కాబట్టి ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోదు. నా రివాల్వర్ సిలిండర్లో ఒక్కో గది మూతి ఎంత వెడల్పో నేను కొలిచి చూశాను. ఆ మూతిలో గుండు వదులుగా ఉండకూడదు, బారెల్లో గాడి నుంచి గాడికి ఉన్న వెడల్పు కంటే వెంట్రుకవాసి లావుగా ఉండాలి. వదులైతే మండిన మందు వాయువు పక్కనుంచి దూసుకుపోతుంది, గుండు అంచుని కోస్తుంది, ఆ సీసం బారెల్‌కి పూతలా అంటుకుంటుంది. ఇరవై తూటాలకే గురి చెదురుతుంది. కొత్తవాళ్ళు అప్పుడేం చేస్తారంటే, సీసం మెత్తగా ఉండబట్టే అంటుకుందని ఇంకా గట్టి మిశ్రమం వాడతారు. తక్కువ మందు తూటాలో అది తిరగబడుతుంది. ఒత్తిడి తక్కువ కదా, గట్టి గుండు అడుగు ఉబ్బి గాడుల్ని మూయలేదు, వాయువు ఇంకా ఎక్కువ జారిపోతుంది. లైమన్ రెండో నంబరు మిశ్రమమని పేరున్నదొకటి ఉంది. నూటికి 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ. మంచి మిశ్రమమే, కానీ నా పనికి అంతకంటే మెత్తనిది కావాలి. ఇది ఏ డబ్బా మీదా రాసి ఉండదు. నా తుపాకిని కాల్చి, బారెల్ తుడిచి, గుడ్డ చూసి తెలుసుకోవాల్సిందే.

బందరు బావ: నీ జ్ఞానాన్ని తక్కువ చెయ్యను. నిజానికి నువ్వు ఈ మాటలు చెబుతుంటే నాకు ముచ్చటేస్తుంది. కానీ నువ్వు చెప్పిందంతా గుండు గురించి. మందు గురించి చెప్పు. .45 కోల్ట్ తూటా 1873 నాటిది. అప్పట్లో నల్లమందు 40 గ్రెయిన్లు పట్టేలా ఆ ఇత్తడి కేసు చేశారు, నిండా దట్టించేవాళ్ళు. తర్వాత పొగరాని మందు వచ్చింది. కొంచెం వేస్తే చాలు, కానీ కేసు మాత్రం అంతే పొడుగు. నీ .44 కూడా ఆ వంశమే. అందులో నువ్వు ఇంకా తగ్గించి వేస్తానంటున్నావు. అంటే లోపల ముప్పాతిక వంతు ఖాళీ. అలాంటి కేసులో పొరపాటున రెండోసారి మందు పడిందనుకో. పొంగదు, ఒలకదు, పైన గుండు హాయిగా కూర్చుంటుంది. నిండా మందు వేసే తూటాలో ఈ తప్పు చెయ్యాలన్నా కుదరదు, రెండోసారికి చోటే ఉండదు. నీ మితమే ఆ తప్పుకి చోటిచ్చింది. నన్ను నిద్రపోనివ్వనిది అదే బావా. బలమైన తూటా తన బలాన్ని దాచుకోదు. నీ మెత్తని తూటా లోపల ఏముందో బయటికి తెలియదు.

గుడివాడ బావ: ఈ మాటకి నా దగ్గర కొట్టిపారేసే జవాబు లేదు. నిజం. ఈ పనిలో ముదిరినవాళ్ళంతా ఒప్పుకునే నిజం. తక్కువ మందంటే తక్కువ ప్రమాదమని అనుకునేవాడు బల్ల దగ్గరికి రాకూడదు. ఇంకొకటి కూడా నేనే చెబుతాను. మందు తగ్గించడమంటే ఏ మందునైనా తగ్గించడం కాదు. నిండు మాగ్నం తూటాలకి వాడే హెచ్-110, వించెస్టర్ 296 లాంటి నిదానంగా మండే మందుల్ని నూటికి మూడు పాళ్ళకి మించి తగ్గించొద్దని తయారీదారే హెచ్చరిస్తాడు. అవి గట్టిగా దట్టిస్తేనే సరిగ్గా మండుతాయి. తగ్గిస్తే గుండు బారెల్ మధ్యలో ఇరుక్కోవచ్చు. దాని వెనక ఇంకోటి కాల్చారంటే బారెల్ ఉబ్బుతుంది, చీలుతుంది. కాబట్టి మితమైన తూటాకి దానికి తగిన మందునే ఎంచుకోవాలి, అచ్చయిన పుస్తకంలో ఉన్న కొలతే వెయ్యాలి, సొంత తెలివి పనికిరాదు. ఎంచుకునేటప్పుడు కూడా గుల్లగా, ఎక్కువ చోటు తీసుకునే మందునే తీసుకుంటాను. రెండోసారి పడితే కేసు అంచుదాకా వచ్చి కంట్లో పడుతుంది. యాభై కేసులు చెక్క పలకలో నిలబెట్టి, అన్నిట్లో మందు వేశాక టార్చిలైటుతో వరసగా చూస్తాను. ఒకటి ఎత్తుగా ఉన్నా, ఒకటి లోతుగా ఉన్నా తేడా తెలిసిపోతుంది. అప్పటిదాకా ఒక్క గుండు కూడా పెట్టను.

బందరు బావ: చూస్తావు, ఒప్పుకుంటాను. ఫోన్ మోగితే?

గుడివాడ బావ: ఫోన్ గరాజ్‌లోకి రాదు.

బందరు బావ: మా చెల్లెమ్మ పిలిస్తే?

గుడివాడ బావ: పలకలో ఉన్న కేసులన్నిటినీ తిరగేసి మందు డబ్బాలో పోసి, మొదటినుంచి మొదలుపెడతాను. విసుగనుకోను. మా అమ్మ పుట్టింటివాళ్ళకి దివిసీమలో, నాగాయలంక దగ్గర, పంటకాపలాకి లైసెన్సు నాటు తుపాకి ఉండేది. రాత్రిపూట మడ అడవి వైపునుంచి పందులు వచ్చేవి. తాతయ్య మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, రవ్వలు వేసి, మళ్ళీ పీచు కుక్కేవాడు. ఆ తుపాకికి తూటా అంటూ వేరే లేదు, ప్రతిసారీ చేత్తో నింపుకోవాల్సిందే. మందు పోసేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మాట్లాడిస్తే మందంతా కాగితం మీదికి ఒంపేసి మళ్ళీ కొలిచేవాడు. నేను చేసేదీ అదే పని.

బందరు బావ: తాతయ్య తుపాకి మాట ఎత్తావు కాబట్టి అడుగుతాను. ఆ ఊళ్ళో నువ్వు ఈ బల్ల వేసుకోగలవా?

గుడివాడ బావ: వేసుకోలేను. వేసుకోకూడదు కూడా. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచెయ్యడం నేరం. ఆ చట్టంలో మందుగుండు అంటే తూటా ఒక్కటే కాదు, దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. ఇక్కడ నేను కొట్లో కొనుక్కున్న, తూటాలు నింపే ప్రెస్సు అక్కడ ఉంటే అదే ఒక పోలీసు కేసు. పెద్ద బోరు రివాల్వర్ ప్రసక్తే లేదు. .455 సర్వీసు తూటా పట్టే ఏ రివాల్వరైనా అక్కడ నిషిద్ధ బోరు. మామూలుగా లైసెన్సుకి దొరికేది ఆర్డినెన్స్ ఫ్యాక్టరీవాళ్ళ .32. ఇక్కడ టెక్సాస్‌లో నా వాడకానికి నేను నింపుకుంటే లైసెన్సు అక్కర్లేదు. అమ్మాలనుకుంటేనే కావాలి. అందుకే ఒక్క తూటా కూడా ఎవరికీ అమ్మను.

బందరు బావ: అమ్మవు సరే, ఇస్తావు కదా. మీ ఆఫీసు కుర్రాళ్ళు వస్తుంటారు, వాళ్ళలో సగం మంది హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు. వాళ్ళ చేతిలో తుపాకి కాదు, తూటా ఉన్నా ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి ఎంతమందికి తెలుసు? సరదాగా ఓసారి కాల్చి చూస్తానన్న పిల్లవాడి వీసా దాకా పోతుంది వ్యవహారం. సంక్రాంతికి ఇంటికి బయల్దేరేవాడి బ్యాగు అడుగున నువ్విచ్చిన తూటా ఒక్కటి మిగిలిపోతే? గన్నవరంలో దిగేసరికి కేసు ఎదురుగా నిలబడి ఉంటుంది.

గుడివాడ బావ: ఆ కుర్రాళ్ళ విషయంలో నీ మాట పూర్తిగా తీసుకుంటాను. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉందని రూఢిగా తెలియకుండా ఎవరినీ రేంజికి తీసుకెళ్ళను, గరాజ్‌కి కూడా రానివ్వను. కానీ మన దగ్గరి చట్టం వల్ల జరిగే ఇంకో సంగతి కూడా చెప్పాలి. లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది. ఎన్నికలొస్తే తుపాకి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. మిగతా రోజుల్లో బీరువాలో ఉంటుంది. ఒక్కసారి కూడా కాల్చని రివాల్వర్ని నడుముకి పెట్టుకుని పెళ్ళిళ్ళకి తిరిగే పెద్దమనుషుల్ని నువ్వూ చూశావు, నేనూ చూశాను. అది ఎంత గట్టిగా తంతుందో, ఎటు పేలుతుందో తెలియని చేతిలో తుపాకి ఉండటం భద్రత ఎలా అవుతుంది? చవగ్గా, మెత్తగా, వందలకొద్దీ కాల్చుకోగలిగినవాడి చేతిలోనే తుపాకి అదుపులో ఉంటుంది. చేత్తో నింపుకునేది దానికోసమే.

బందరు బావ: ఆ పెద్దమనుషుల్ని చూసే నేను మన చట్టం సరైనదంటాను. వాళ్ళకి నీలాంటి ప్రెస్సు ఇచ్చి చూడు, ఏమవుతుందో. తూటాలు లెక్కపెట్టే చట్టం కఠినమైనదే, కానీ అది ఒప్పుకున్న విషయం ఒకటుంది. మనిషిని చూసి వాడు శ్రద్ధ ఉన్నవాడో కాదో ఏ కలెక్టరాఫీసూ చెప్పలేదు. నీ శ్రద్ధని నేను నమ్ముతాను. నీ శ్రద్ధ మీద ఆధారపడే పద్ధతిని నమ్మను. కీత్ సంగతే చూడు. ఆయన అనుభవం ముందు మనం ఎంత? ఆయన కూడా కుర్రతనంలో .45 కోల్ట్‌లో బరువైన గుండు, దట్టించిన మందు వేసి తన రివాల్వర్నే పేల్చేసుకున్నాడు. ఆ తర్వాతే .44 స్పెషల్ వైపు తిరిగాడు.

గుడివాడ బావ: ఆయన మితం పాటించలేదు. నేను పాటిస్తున్నాను.

బందరు బావ: ఆయన ఎంత వేశాడో ఆయనకి తెలుసు. నీ తూటాలో రెండోసారి పడిందంటే నీకు తెలియదు. ఏది మేలు?

గుడివాడ బావ: ... సరే. ఆ పోలికలో నువ్వే గెలిచావు. కానీ ఎవరు నింపినా ఈ ఖాళీ మాత్రం పోదు. కంపెనీవాళ్ళ .44 స్పెషల్ తూటా చూడు, 1907 నాటిది. మాగ్నం కేసుకీ దానికీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. అది కూడా తక్కువ మందుదే, అందులోనూ ఖాళీయే. అదే రివాల్వర్లో పడుతుంది, దాన్ని నువ్వు అభ్యంతరం లేకుండా కొంటావు.

బందరు బావ: కొంటాను. వాళ్ళ యంత్రం ప్రతి కేసులోనూ మందు ఎత్తు చూసి, తేడా ఉంటే ఆగిపోతుంది. దానికి నిద్ర రాదు, పిల్లలు గుర్తు రారు. ఇంకా ఏదైనా తప్పు జరిగితే ఆ బ్యాచి నంబరుతో వెనక్కి పిలుస్తారు. నీ తూటాకి బ్యాచి నంబరు ఎక్కడుంది?

గుడివాడ బావ: ప్రతి డబ్బాలో చీటీ ఉంటుంది. తేదీ, మందు పేరు, దాని లాటు నంబరు, ఎన్ని గ్రెయిన్లు, ఏ సీసం. తూకం గ్రెయిన్లో పదోవంతు దాకా చూస్తాను. చిలకలపూడిలో నగలపనివాళ్ళు తూకం వేసే గురివింద గింజ బరువే దాదాపు రెండు గ్రెయిన్లు. అందులో ఇరవయ్యో వంతు తేడా వచ్చినా నాకు తెలుస్తుంది. తూకం మొదలుపెట్టే ముందు తెలిసిన బరువు రాయి వేసి కాటాని సరిచూస్తాను.

బందరు బావ: తూకం పక్కన పెట్టు. సీసం గురించి మాట్లాడదాం, ఇది ఇంటి సంగతి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆవిరయ్యేంత వేడి నువ్వు పెట్టవని తెలుసు, పుస్తకాలూ అదే చెబుతాయి. ఆవిరి కంటే నన్ను భయపెట్టేది బూడిద. కరిగిన సీసం మీద తేలే మడ్డి తీస్తావే, అది దుమ్మవుతుంది. కాల్చిన కేసుల్ని శుభ్రం చేసే యంత్రంలోంచి ఇంకా చెడ్డ దుమ్ము వస్తుంది, మందుని అంటించే ప్రైమర్లో సీసపు రసాయనమే ఉంటుంది కాబట్టి. అది నీ చొక్కాకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉంటే ఫరవాలేదన్న హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి సీడీసీ జాగ్రత్త పడమనే గీతని 2021లో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములకి దించింది. నీ చిన్నది నేలమీద పాకే వయసు నిన్నగాక మొన్న దాటింది.

గుడివాడ బావ: సీసం పోసేది ఇంటి వెనక ఆరుబయట, గాలి వీచే రోజున. చెమట చుక్క కూడా కుండలో పడకుండా చూసుకుంటాను, తడి తగిలితే కరిగిన సీసం చిమ్ముతుంది. చెప్పులు, చొక్కా బయటే విడుస్తాను. కేసుల్ని ఇప్పుడు పొడిగా కాదు, నీళ్ళలో కడుగుతున్నాను, దుమ్ము లేవకుండా. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకుంటున్నాను. అంతా చేసి కూడా నీ భయం తప్పని మాత్రం అనను.

బందరు బావ: రక్తపరీక్ష నీకు. చిన్నదానికి?

గుడివాడ బావ: దానికి చేయించలేదు. చేయించాలి.

బందరు బావ: ఈ వారంలోనే చేయించు. సీసం ఇంట్లోనే ఆగదు కూడా. బాతులు నేలమీది చిన్నరాళ్ళతో పాటు సీసపు రవ్వలు మింగి చనిపోతున్నాయని తేలాక నీటిపక్షుల వేటలో సీసాన్ని ఈ దేశం 1991లోనే నిషేధించింది. 2019 జులై నుంచి కాలిఫోర్నియాలో ఏ వేటకీ సీసపు తూటా వాడకూడదు. మీ గుడివాడకి దగ్గర్లోనే కొల్లేరుంది. శీతాకాలంలో ఎక్కడెక్కడినుంచో బాతులు దిగుతాయి. ఆ నీళ్ళలో ఎన్నేళ్ళ రవ్వలున్నాయో.

గుడివాడ బావ: కొల్లేరు పేరెత్తితే నేను వాదించను. ఆ బాతులు కొట్టడం నాకు చిన్నప్పుడూ ఇష్టం లేదు. నా గుళ్ళు మాత్రం రేంజిలో మట్టిగట్టులోకి పోతాయి. ఆ గట్టుని తవ్వి సీసం తీసి మళ్ళీ కరిగిస్తారు. ఇది వేట కాదు. పోనీ, సీసం పోసే పనిలోకి మేనల్లుడిని రానివ్వను. వాడికి పద్దెనిమిది వచ్చేదాకా కుండ దగ్గరికి వద్దు. ఇది నా మాట. కానీ తూచడం, నింపడం చూడనివ్వు. ఒక పనిని తప్పు లేకుండా యాభైసార్లు వరసగా చెయ్యడం ఎంత కష్టమో వాడికి తెలియాలి. ఫోన్లోంచి తల ఎత్తని పిల్లవాడు రెండు గంటలు గ్రెయిన్లో పదోవంతు కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటే, అది చదువు కాదా?

బందరు బావ: చదువే. దానికి తుపాకి ఎందుకు? బియ్యపు గింజ మీద పేరు రాయించు.

గుడివాడ బావ: బియ్యపు గింజ మీద తప్పు రాస్తే గింజ పారేస్తాడు. ఇక్కడ తన తప్పు తన చేతిలోనే పేలుతుందని తెలిసి పనిచేస్తాడు. ఆ తేడా నీకు తెలుసు.

బందరు బావ: తెలుసు కాబట్టే వద్దంటున్నాను. పద్దెనిమిది నిండని పిల్లవాడు రేంజిలో రివాల్వర్ పట్టుకోవాలంటే తల్లిదండ్రులు ముందుగా రాసిచ్చిన అనుమతి ఉండాలని ఇక్కడి చట్టం. ఆ కాగితం మీద సంతకం నాది. కంపెనీ .44 స్పెషల్ తూటాలైతే, నువ్వు పక్కన నిలబడితే, ఆలోచిస్తాను. నువ్వు నింపినవైతే పెట్టలేను.

గుడివాడ బావ: నా డబ్బాలోంచి నీకు నచ్చిన పది తూటాలు తియ్యి. నీ ఎదురుగా విప్పి, మందు ఒక్కోటీ తూస్తాను. పదింటిలో ఒక్కటి తేడా వచ్చినా ఆ డబ్బా మొత్తం విప్పేస్తాను.

బందరు బావ: పదీ సరిగ్గానే ఉంటాయి బావా. వాడు కాల్చబోయేది పదకొండోది.

గుడివాడ బావ: పదకొండోదాన్ని విప్పకుండా తూస్తే?

బందరు బావ: లోపల ఏముందో బయటికి తెలియదంటే నువ్వూ ఒప్పుకున్నావుగా. నువ్వు పోసిన గుళ్ళే ఒకదానికొకటి గ్రెయినో రెండో తేడా ఉంటాయి, ఇత్తడి కేసుల్లో ఇంకో రెండు మూడు. ఆ తేడాల్లో నీ మందు బరువు కలిసిపోతుంది.

గుడివాడ బావ: అయితే డబ్బా వదిలెయ్యి. వాడు కాల్చే ఆరు తూటాలూ ఆరోజు పొద్దున్నే నింపుతాను. ఒక్కో కేసులో మందు వేసి నీకు చూపిస్తాను. నువ్వు టార్చి వేసి చూసి, సరే అన్నాకే గుండు పెడతాను. నీ బందరు పద్ధతే. చేసేది నేను, సరిచూసేది నువ్వు.

బందరు బావ: నాకేం తెలుసని సరిచూడను?

గుడివాడ బావ: ఏం చూడాలో నేర్పుతాను. ఒక మధ్యాహ్నం చాలు.

బందరు బావ: ముందు చిన్నదాని రక్తపరీక్ష రానీ. ఆ తర్వాత వచ్చి నీ బల్ల దగ్గర కూర్చుంటాను, ఎత్తు ఎంత ఉండాలో చూపించు. సంతకం మాట అప్పటిదాకా అడక్కు.